నాలుగు చేతుల తలుపు

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నాకు ఇద్దరు. అంటే కట్టుకున్నవాడు కాక ఇంకో నిండు మొగుణ్ణి భరించాను. ఆ ఇద్దరూ కలిసి మా ముందు గదిలో బేకరీ నడిపేవారు. పిండి, ఓవెన్ పెద్ద వదినవి. కేకుల మీద పూలు, బేరాలు, పోట్లాటలు చిన్న వదినవి.

పెద్ద వదిన యాభై దాటాక పెళ్ళి చేసుకుంది. వరుడు మాకు మైదా బస్తాలు తెచ్చే వ్యాను డ్రైవరు. భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు. బస్తాలు దించి వెళ్ళిపోవలసినవాడు పూటంతా ఎందుకు కూర్చుంటున్నాడో వీధిలో అందరికీ అర్థమైంది, చిన్న వదినకి తప్ప. అర్థమైన రోజున మూతి ముడుచుకుంది. అక్క అతని ఊరికి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, "నువ్వు లేకపోతే కొట్టేం మూతపడదులే, నిశ్చింతగా వెళ్ళు" అంది. ఆ మాట వెనక ఏడుపుందని నాకు తెలుసు. పెద్ద వదినకి తెలిసిందో లేదో.

కొట్టు మూతపడలేదు, నిజమే. కానీ మా ఓవెన్‌కి వెనక మూల వేడెక్కువ, ప్రతి ట్రేలోనూ ఒక బన్ను మాడుతుంది. ఆ మాడిన బన్నంటే పెద్ద వదినకి ప్రాణం. చిన్న వదిన ఇప్పటికీ దాన్ని తీసి గిన్నె కింద మూసిపెడుతుంది. సాయంత్రానికి అది రాయవుతుంది. ఎవరికోసమంటే కుక్కకంటుంది. మా వీధిలో కుక్కల్లేవు.

ఓవెన్ తలుపు కిందికి తెరుచుకునే రకం. గాజుది, మహా బరువు. వారం వారం దాన్ని ఊడదీసి కడిగేవాళ్ళు. బిగించేటప్పుడు పెద్ద వదిన తలుపుని పొట్టకి ఆనించుకుని ఎత్తిపట్టేది. చిన్న వదిన నేలమీదికి వంగి, తలుపు కొక్కేలని ఓవెన్ గాడుల్లోకి చేర్చేది. "కూర్చుందా?" అని అక్క. "కూర్చుంది" అని చెల్లెలు. ఇన్నేళ్ళలో ఒకరి సగం పని ఇంకొకరు నేర్చుకోనేలేదు. ఆ అవసరం ఎప్పుడొచ్చింది గనక!

మొన్న చిన్న వదిన పంతానికి పోయి ఒక్కతే తలుపు తీయబోయింది. తీసే ముందు మడతబందుల మీదున్న చిన్న గడియలు వేయాలి. అది అక్క కబుర్లు చెబుతూ బొటనవేలితో చేసేసే పని. చెల్లెలు ఏనాడూ గమనించలేదు. గడియలు వేయకుండా లాగేసరికి తలుపు ఊడొచ్చింది గానీ, స్ప్రింగు బిగువుకి కొక్కేలు రెండూ ఠపీమని ముడుచుకుపోయాయి. ఇక గాడిలోకి ఎక్కితే ఒట్టు.

తలుపుని ఓవెన్‌కి ఆనించి, దానికి కుర్చీ అడ్డం పెట్టి కాల్చింది. బన్నులు రోగిష్టి మొహాలతో బయటికొచ్చాయి. మా ఆయన మెకానిక్‌ని తీసుకొస్తానంటే అక్కర్లేదంది. నేను తలుపు పట్టుకుంటానంటే నీకు చేతకాదంది. కాలుగాలిన పిల్లిలా ఆ గదిలోనే తిరుగుతుంటే చూడలేక అడిగేశాను, అడగందే అమ్మయినా పెట్టదు కదా, మీ అక్కకి ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయిందని.

"ఏమని చెయ్యను?" అంది. "కొత్త కాపురం చేసుకుంటున్న మనిషిని, నువ్వు లేక నాకు తోచడం లేదు, రమ్మననా?"

తలుపు ఊడిందని చెప్పు చాలన్నాను. ఆ సాకు దొరికాక ఒక్క క్షణం ఆగలేదు. ఫోను స్పీకర్లో పెట్టి పిండి డబ్బా మీద ఉంచింది.

పెద్ద వదిన ఎలా ఉన్నావని కూడా అడగలేదు, గడియలు వేశావా అని అడిగింది. వేయలేదని తెలిసి ఓ తిట్టు తిట్టింది. ఆ తిట్టుకి చిన్న వదిన మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. ముడుచుకున్న కొక్కేలని ఒక్కోటీ బయటికి లాగి గడియ వేయమంది. తలుపు సగం వాల్చి ఎత్తిపట్టమంటే నేను నా పొట్టకి ఆనించుకున్నాను. చిన్న వదిన వంగి కొక్కేలు గాడుల్లోకి దించింది. తలుపు పూర్తిగా తెరిచి, గడియలు వెనక్కి తిప్పి, మూసింది. టక్కుమని మూసుకుంది, ఎప్పుడూ ఊడనట్టే.

"కూర్చుందా?" అంది ఫోన్లో పెద్ద వదిన.

చిన్న వదిన తలుపుకేసి చూసింది. ఇన్ని నెలలుగా ఆ ఒక్క మాటకి మొహం వాచిపోయి ఉంది. ఇప్పుడు అవునంటే ఫోన్ పెట్టేయడమే.

"లేదక్కా, కూర్చోలేదు," అంది. "నువ్వు రావాలి."

నేను నోరు తెరవబోతే నా కాలు తొక్కింది.

"మూసుకున్న చప్పుడు నాకు వినిపించిందే," అంది పెద్ద వదిన. "ఈ రమ్మనే మాట ఆ రోజే అనుంటే నెలనెలా వచ్చేదాన్ని కదా. ఆదివారం వస్తాను. మాడిన బన్ను ఉంచు."

ఫోన్ పెట్టేసి చిన్న వదిన చేతిగుడ్డలో మొహం దాచుకుని ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, పట్టుకోమ్మా, తలుపు మళ్ళీ ఊడదీద్దాం, అక్క వచ్చేసరికి పనుండాలి కదా అంది. ఈసారి గడియలు తనే వేసింది.