సీసాలకు తారీఖు రాసిన ముత్యం

బీరు సీసా మీద తారీఖు ఉండాలా వద్దా అని ఎవరైనా నా ముందు వాదన పెట్టుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఉండాలి. ఈ మాట అనే హక్కు నాకు లేదు, ఎందుకంటే మూడేళ్ళపాటు ఆ తారీఖులను తడిగుడ్డతో తుడిచింది నేనే. అయినా అంటాను. నా దుకాణంలో సీసాలకు తారీఖులు రాసిన మనిషి పేరు ముత్యం.

గోదావరిఖనిలో నాది బ్రాందీ షాపు. బొగ్గు బావులు తెరిచిన కొత్తలో పెట్టాను. పైన రేకులు, ముందర తడకల పందిరి, రెండు బెంచీలు. మా దగ్గర రోజూ పోయేది సారా, పొద్దున పూట కల్లు. బీరు మాత్రం జీతాల రోజుల్లోనే కదిలేది. పట్నం నుంచి లారీ ఎప్పుడు వస్తుందో ఆ లారీవాడికే తెలియదు. వచ్చిన పెట్టెలు రేకుల కింద నెలల తరబడి మగ్గేవి. మా ఎండలు ఎట్లాంటివో చెప్పాలా? మూత తీస్తే పొంగు ఉండదు, తాగితే తడిసిన అట్టముక్క వాసన. తాగినవాడు మొహం చిట్లిస్తే నేను ఇంకో ఐసుముక్క వేసేవాణ్ణి. ఐసు వేస్తే ఏదైనా గొంతు దిగుతుందని నా నమ్మకం.

డెబ్బై మూడు ఎండాకాలంలో ముత్యం వచ్చి పని అడిగాడు. వేళాకోళం అనుకున్నాను. కమాన్‌పూర్ దిక్కు మనిషి, బావిలో మైనింగ్ సర్దార్‌గా చేసినవాడు. సర్దార్ అంటే చిన్న కొలువు కాదు. షిఫ్టుకు ముందే దీపం పట్టుకుని ఒక్కడే లోపలికి దిగాలి. ప్రతి పనిచోటా గాలి చూడాలి, కర్రతో పైబండను తట్టాలి. ఖంగుమంటే బండ గట్టిది, బోలుగా మోగితే కూలేది. చూసినట్టు గుర్తుగా అక్కడ సుద్దముక్కతో ఆనాటి తారీఖు వేసి సంతకం పెట్టాలి. ఆ తారీఖు చూసుకున్నాకే పనివాళ్ళు లోపలికి అడుగు పెడతారు. అటువంటి కొలువును వదిలేసి ఐదేళ్ళుగా ఊరికే తిరుగుతున్నాడు. ఎందుకు వదిలావంటే కండ్లు మసకలొచ్చినయి అన్నాడు. ఆ కళ్ళతోనే పందిరి చివర వాలిన ఈగను చూడగలడని నాకు రెండోనాడే తెలిసింది.

మొదటి లారీ దిగిన రోజున సుద్దముక్కను నీళ్ళలో ముంచి, ప్రతి సీసా మీదా, పాతవాటికి లారీ చీటీలు చూసి, అది వచ్చిన తారీఖు వేసి, కింద చిన్నగా 'ము' అని సంతకం పెట్టాడు. ఆరితే తెల్లగా, బడిపిల్లల పలక మీద రాతలాగా కనబడేది. ఇదేం పిచ్చయ్యా అన్నాను. ఎన్నడొచ్చిందో తాగేటోనికి తెలవాలె గద అని ఊరుకున్నాడు.

నాలుగు రోజుల్లో నా కొంప మునిగింది. వచ్చినవాడల్లా సీసాను తిప్పి చూడటం మొదలుపెట్టాడు. ఇది మార్చిది, నాకొద్దు. అది మొన్నటిది, అదియ్యి. పాత సీసాలు వెనక్కి, ఇంకా వెనక్కి. బెంచీల మీద పంచాయితీ కూడా పెట్టారు. నస్పూర్ నుంచి వచ్చే ఒక ఫిట్టరు, తాత ముత్తాతలు తారీఖు చూసే తాగారా అని వాదించాడు. దానికి ముత్యం, సీసాలు కడుగుతూ తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు. "కల్లు తన ఈడు తనే చెప్తది అన్నా. గీ సీసా మూతి బిగించుకొని కూసుంటది. దాని తరఫున ఎవలో ఒకలు చెప్పాలె." అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ సాయంత్రమే తడిగుడ్డ తీసుకుని వెనక వరుస తుడిచేశాను. మర్నాడు అతను మళ్ళీ రాశాడు. ఏ పెట్టె ఏ రోజు దిగిందో మనసులో పెట్టుకునేవాడు, మాయదారి మనిషి. ఇట్లా మూడేళ్ళు అతను రాయడం, నేను తుడవడం. పనిలోంచి తీసేద్దామంటే అంత నమ్మకస్తుడు మళ్ళీ దొరకడు.

మా పందిరి పక్కనే ఐలవ్వ గుడాలు అమ్ముకునేది. ఉడికించిన బొబ్బర్లు, పైన ఉల్లిగడ్డ ముక్కలు, మోదుగాకు దొప్ప. ఆమె భర్త పోశం బావిలో బొగ్గు ఎత్తే ఫిల్లరు. అరవై ఎనిమిదిలో బావిలో పైబండ కూలి చనిపోయాడు. బండ చూసినట్టు తారీఖు ఉంది, సంతకం ఉంది. కాబట్టి తప్పు పోశందే, తాగి దిగి, బండ పగులుతున్న చప్పుడు వినిపించుకోలేదు అని విచారణ అధికారులు రాసేశారు. ఆ రాత ఎట్లా పుట్టిందో నాకు తెలుసు. తర్వాత చెబుతాను, ఇప్పుడు నోరు రావడం లేదు.

అప్పటినుంచి ఐలవ్వను బస్తీలో తాగి సచ్చినోని పెండ్లాం అనే పిలిచారు. ఆ మాట ఆమె కూడా నమ్మింది. అందుకే మా బెంచీల మీద కూర్చున్నవాళ్ళకు గుడాలు పెడుతూనే శాపనార్థాలు పెట్టేది. పెత్రమాసనాడు లోకమంతా చనిపోయినవాళ్ళ పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తుంటే ఆమె మాత్రం గడప దాటేది కాదు. తాగుడు కోసం నన్ను విడిచిపెట్టి పోయినోనికి నేనెందుకు పెట్టాలె అనేది. చచ్చినవాడి మీద కోపం పెట్టుకుని బతకడం ఎంత కష్టమో ఆమె మొహంలో చూశాను. చూసీ ఊరుకున్నాను.

ముత్యం ఆమెకు పొద్దున్నే బిందెడు నీళ్ళు తెచ్చిపెట్టేవాడు. ఎండ జరిగితే తడక జరిపేవాడు. ఆమె కళ్ళలోకి మాత్రం చూసేవాడు కాదు. నా పాడు బుద్ధి ఇంకేదో ఊహించుకుంది.

డెబ్బై ఆరు జూన్‌లో నా దగ్గర నలభై పెట్టెల పాత బీరు మిగిలిపోయింది. జీతాల రోజు రేపనగా ముత్యాన్ని పిలిచి, అన్నీ తుడిచి ఇవాళ్టి తారీఖు వేయమన్నాను. తుడవడం నా పనే, కానీ రాత అతనిది కావాలి. జనం నన్ను నమ్మరు, ఆ 'ము' అన్న అక్షరాన్ని నమ్ముతారు. అతను కదలలేదు. నాకు కోపం వచ్చింది. సీసా మీద గీతలు గీస్తే నీ సొమ్మేం పోయింది, ఎవడన్నా చస్తాడా అని అరిచాను.

చేతిలో సుద్దముక్కతో పెట్టె మీద కూలబడ్డాడు.

"సచ్చిండు సేటూ. ఒక్కపారి నేను సూడకుంట తారీఖు రాసిన. గా దినం ఒంట్ల జరముండె. ఏడు జాగలు సూసిన. ఎనిమిదో దానికి మోకాలు లోతు నీళ్ళు. పది అడుగులు లోపలికి పోయి తట్టాలె. పోలే. నిన్న తట్టితే మంచిగనే ఉండె గద, ఒక్క దినంల ఏమైతది అనుకున్న. బయటనే తారీఖేసి మర్లిన. అది సూసే పోశం లోపలికి పోయిండు. గా తారీఖు నన్ను బతికిచ్చింది, ఆయనను తాగుబోతును చేసింది."

 అతను లేచి బయటికి నడుస్తుంటే చెయ్యి పట్టుకున్నాను. ఎనిమిదేళ్ళయింది, ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం, ఆమె గుండె పగులుతుంది, నిన్ను జైల్లో పెడతారు అని బతిమాలాను. అతని కోసమే బతిమాలుతున్నట్టు బతిమాలాను. చెయ్యి విడిపించుకున్నాడు.

మధ్యాహ్నం ఎండ. బెంచీలు ఖాళీ. ఐలవ్వ ఉల్లిగడ్డలు కోస్తోంది. ముత్యం ఆమె ఎదుట నేల మీద కూర్చుని, నాకు చెప్పిందంతా మళ్ళీ చెప్పాడు. ఏమీ దాచలేదు, జ్వరం సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె తిడుతుందని, బుట్ట తీసి నెత్తిన కొడుతుందని చూశాను. కత్తిపీట పక్కకు పెట్టి ఒక్కటే అడిగింది.

"అయితే మావోడు తాగలేదా సర్దారన్నా?"

"తాగలే చెల్లె. నా ముంగటనే దిగిండు. మనిషి సాఫ్‌గ ఉండె."

అప్పుడామె నావైపు తిరిగింది. ఆయన మీ దుకాణానికి వచ్చేవాడు కదా, ఆ రోజు తాగలేదని మీకైనా తెలియదా అని అడిగింది.

"నాకేమెరుక ఐలవ్వా," అన్నాను.

ఎరుకే. విచారణకు వచ్చినవాళ్ళు నా దుకాణానికే వచ్చి, పోశం తాగాడా అని అడిగారు. ఆదివారం తాగాడన్నాను. బండ కూలింది మంగళవారం. వాళ్ళు కాగితం మీద తాగాడని రాసుకున్నారు, ఆదివారం అని రాసుకోలేదు. నా ఎదుటే రాశారు, నేను చూశాను. అయ్యా, రోజు వేయలేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. పెద్దవాళ్ళతో మనకెందుకు, లైసెన్సు పోతుందేమోనని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ముత్యం తప్పుడు తారీఖు వేశాడు. నేను ఉన్న తారీఖును మింగాను. ఆ మధ్యాహ్నం అతను తనది కక్కేశాడు, నేను మళ్ళీ మింగాను.

ఐలవ్వ బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. మూడు నెలలు రాలేదు. ముత్యం ఆ తర్వాత సుద్దముక్క పట్టలేదు. రాయమని నేనూ అడగలేదు.

పెత్రమాసనాడు ఆమె మా పందిరి ముందుకు వచ్చి నిలబడింది. నెత్తి మీద చాటలో బియ్యం, పప్పు, బీరకాయలు, గుమ్మడి ముక్క. ముత్యం లేచి నిలుచున్నాడు. ఆమె గొంతు పెంచలేదు.

"ఎనిమిదేండ్లు ఆయనను ఉపాసం ఉంచిన సర్దారన్నా. పిడికెడు బియ్యం ఇయ్యలే. నువ్వు చంపినవంటే ఓర్సుకుంట, గనులల్ల బతుకే గంత. గీ ఆకలి ఎట్ల తీర్చాలె?"

చాట సర్దుకుని ముందుకు నడిచింది. ముత్యం మర్నాడే కమాన్‌పూర్ వెళ్ళిపోయాడు. బొగ్గుదుమ్ముతో దమ్ము పట్టి, ఏడాది తిరగకముందే పోయాడు. నేను వెళ్ళి మట్టి వేసి వచ్చాను. ఐలవ్వ రాలేదు, రమ్మని ఎవరు అనగలరు?

ఇప్పుడు మళ్ళీ నా పందిరి పక్కనే కూర్చుంటోంది. శాపనార్థాలు మానేసింది. లారీ దిగినప్పుడల్లా సీసాలకు నేనే తారీఖు రాస్తున్నాను. నా రాతను ఎవరూ తిప్పి చూడరు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆమె దగ్గరికి వెళ్ళి, ఆదివారం అన్న మాట నాలుక చివరిదాకా తెచ్చుకుని వెనక్కి వచ్చానో లెక్కలేదు.

రోజూ పొద్దున గంప దించగానే మొదటి దొప్ప నాకే ఇస్తుంది. వద్దన్నా వినదు. మొన్న కొత్తగా వచ్చిన ఒక పనివాడు, సేటుకెందుకు ఉచితంగా పెడతావని అడిగితే ఆమె చెప్పిన మాట లోపలున్న నాకు వినబడింది.

"అందరు మావోన్ని తాగుబోతన్నరు బిడ్డా. గీ సేటు ఒక్కడే ఎన్నడు ఒక్క మాట అనలే."

దొప్ప నా చేతిలోనే ఉంది. తిన్నాను.