రొట్టె మీద ఒట్టు

మొరాకోలోని మెక్నెస్ పాత ఊళ్లో చెప్పులు కుట్టేవాళ్ల సందు చివర అల్లాల్ రొట్టెల బట్టీ ఉంది. తండ్రి నుంచి వచ్చిన బట్టీ. ఆ పేట ఆడవాళ్లు పొద్దున్నే పిండి పిసికి, గుండ్రంగా తట్టి, చెక్క మీద పరిచి, గుడ్డ కప్పి అక్కడికే తెస్తారు. ఏ రొట్టె ఎవరింటిదో అల్లాల్‌కి చెప్పనక్కర్లేదు. తట్టిన తీరును బట్టి గుర్తుపడతాడు.

దారిలో రొట్టె ముక్క కనిపిస్తే అతను వంగి తీసేవాడు. ముద్దు పెట్టుకుని, నుదుటికి తాకించి, ఎవరి కాలూ తగలని చోట గోడ సందులో పెట్టేవాడు. అక్కడ అందరూ చేసేదే అది. అల్లాల్ చేస్తుంటే మాత్రం చూసేవాళ్లకు మనసు నిమ్మళించేది. మన తిండి మంచి చేతుల్లో ఉంది అనుకునేవారు.

అలాంటి మనిషి తన రొట్టె మీద ఉమ్మాడని యామ్నా అంది.

యామ్నాకు భర్త లేడు. ఇంటింటి ఊలు తెచ్చుకుని వడికి బతికేది. గొంతు పెద్దది. ఆ ఉదయం వరసలో అందరికంటే ముందు నిలబడింది ఆమే.

"ఏమయ్యా, తిండి మీద ఉమ్ముతావా?"

అల్లాల్ రొట్టెలు బట్టీలోకి తోసే తెడ్డు పట్టుకుని ఇటు తిరిగాడు. "ఎవరుమ్మారు?"

"నువ్వే. ఇప్పుడే. నా మొహం చూస్తూ ఉమ్మావు."

"లల్లా యామ్నా, పొద్దున్నే ఏం తాగొచ్చావు?" అన్నాడు, అమ్మగారూ అన్నంత మర్యాదగా.

వెనక ఉన్న ఆడవాళ్లు నవ్వారు.

"తాగింది టీనే. వచ్చి ఈ తడి చూడు."

"గుడ్డ తడిగా కప్పావు. పిండి చెమర్చింది."

అప్పటిదాకా మిగిలినవాళ్లు కబుర్లలో ఉన్నారు. ఎవరూ చూడలేదు. అల్లాల్ చెక్క మీంచి అప్పుడే కాలిన రొట్టె ఒకటి తీసి, దాని మీద అరచెయ్యి ఆనించాడు. చెయ్యి కాలుతున్నా తియ్యలేదు.

"దేవుడిచ్చిన ఈ తిండి మీద ఒట్టు. నేను ఉమ్మలేదు. ఉమ్మి ఉంటే నా ఇంట రొట్టె పుట్టకుండా పోవాలి."

రొట్టె మీద ఒట్టేశాక దాన్ని కాదనేవాళ్లు లేరు. "వడికిన ఊలంతా కళ్లలో పడ్డట్టుందమ్మా," అంది ఒకావిడ. అందరూ మళ్లీ నవ్వారు. యామ్నా పచ్చి పిండి చెక్కతోనే వెనక్కి తిరిగింది. మర్నాటి నుంచి కోట గుమ్మం దాటి, అవతలి పేట బట్టీకి నడవడం మొదలుపెట్టింది. అల్లాల్ మీద నింద వేసిన మనిషి అని కొన్ని ఇళ్లవాళ్లు ఆమెకు ఊలివ్వడం మానేశారు. ఆ సంగతి అల్లాల్ చెవిన పడింది. అబద్ధమాడితే అంతే మరి, అనుకున్నాడు. అతని మనసులో ఏ మచ్చా లేదు. ఆ ఉదయం ఎన్నిసార్లు తలుచుకున్నా, తను ఉమ్మిన క్షణం అందులో కనిపించలేదు.

ఒక శుక్రవారం ఇంట్లో భార్య తామో, అతనూ ఎదురెదురుగా కూర్చుని ఒకే పళ్లెంలో గోధుమ రవ్వతో వండిన కుస్‌కుస్ తింటున్నారు. అల్లాల్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. కళ్లు దేన్నీ చూడటం లేదు. గుటక వేశాడు. ఎడమచేతి వేళ్లు ఒంటి మీది పొడుగు అంగీ, జెల్లాబా అంచును లాగుతున్నాయి. పళ్లెంలోకి ఉమ్మాడు. మళ్లీ ఉమ్మాడు. కాసేపటికి చెయ్యి కదిలింది. తన వైపు మెతుకులు ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు తగ్గింది," అన్నాడు.

తామో చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశాను? ఉప్పు తగ్గిందంటే అంత కోపమా?"

"యామ్నా చూసింది ఇదే," అంది తామో.

అల్లాల్ పళ్లెం ముందు నుంచి లేచిపోయాడు. ఆమె ఏడ్చి, అలిగి, చివరికి ఊళ్లోని నరాల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. అక్కడ తలంతా జిగురు రాసి తీగలు అతికించారు. కళ్లు మూయమన్నారు, తెరవమన్నారు, గట్టిగా ఊపిరి పీల్చమన్నారు. తెర మీద గీతలు నడిచాయి. వాటిలో తప్పేమీ కనిపించలేదు.

మర్నాడు బట్టీ ముందు అల్లాల్ గొంతు పెంచి చెప్పాడు. "తీగలు పెట్టి నా తలకాయలో వెతికారు. ఏమీ లేదు. ఇంకెవరైనా అనేదుంటే అనండి."

"ఆ తీగలేవో యామ్నాకి పెట్టించాలి, సీ అల్లాల్!" అంది వరసలో ఒకావిడ, అయ్యగారూ అన్నట్టు గౌరవంగా.

అతను కూడా నవ్వాడు.

డాక్టరు తామోతో వేరే మాట చెప్పాడు. తీగలున్నంతసేపూ ఆ ఉమ్మే జబ్బు రాలేదు, అంతే. అది వచ్చేదాకా కనిపెట్టుకుని చూడాలి. రాజధాని రబాత్‌లో పెద్దాసుపత్రికి వెళ్లండి.

అక్కడ అల్లాల్ తలకు తీగలు అతికించి, పైన తెల్ల కట్టు కట్టారు. ఎదురుగా కెమెరా పెట్టారు. తినడం, కూర్చోవడం, పడుకోవడం అంతా దాని ముందే. "పెళ్లికొడుకులా ఉన్నావు తలపాగాతో," అంది తామో. అతను నవ్వలేదు. ఏమీ రాకూడదని లోలోపల వేడుకుంటున్నాడు. వస్తే జబ్బు బయటపడుతుంది. దాంతోపాటు యామ్నా మాట నిజమవుతుంది.

ఒక మధ్యాహ్నం బీన్సు పులుసు, రొట్టె పెట్టారు. అల్లాల్ తిన్నాడు, చెయ్యి తుడుచుకున్నాడు. ఎందుకో తామో గోడ వైపు తిరిగి ఉంది. తీగలు అతికించే అమ్మాయి పరుగున వచ్చి, "మీ పేరేంటి? ఇదే ఊరు?" అని అడుగుతోంది.

"నా పేరు నీకు తెలీదా అమ్మాయ్?" అన్నాడు.

సాయంత్రం డాక్టరమ్మ అతన్ని తెర ముందు కూర్చోబెట్టింది. తెల్ల కట్టు కట్టుకున్న మనిషి చేతిలో రొట్టె ముక్క ఉంది. అతని చూపు ఆగిపోయింది. రొట్టె మీద ఉమ్మాడు. మళ్లీ ఉమ్మాడు. తర్వాత ఆ ముక్కనే పులుసులో ముంచుకుని తిన్నాడు.

అల్లాల్ తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఇటు చూడండి సీ అల్లాల్," అంది డాక్టరమ్మ. పక్కనున్న గీతల మీద వేలు పెట్టింది. ఒక చోట అవి కొండల్లా లేచాయి. "ఇది మీ కుడి కణత లోపల జరిగింది. మీ నోరు కదలకముందే ఇక్కడ మొదలైంది. ఇదీ మూర్ఛే. అరుదుగా కొందరికి ఇలా వస్తుంది. మాత్రలు వాడితే చాలావరకు తగ్గొచ్చు. ఇందులో మీ తప్పు లేదు."

"ఉమ్మింది నేనేగా?"

"నోరు మీదే. కానీ మీరు కావాలని చేసింది కాదు."

"అయితే యామ్నా అబద్ధం చెప్పలేదు."

"ఎవరామె?" అంది డాక్టరమ్మ.

అతను తెరలోని మనిషి వైపు మళ్లీ చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తామో నెమ్మదిగా అంది. "ఈమధ్యే మొదలైందని చెప్దాం. ఆ శుక్రవారం నుంచి అని. అంతకుముందు సంగతి ఏ తీగ చెప్తుంది?"

నిజమే. ఆ ఉదయం ఏ కెమెరా లేదు. జాలిపడతారు, మందులు అడుగుతారు, రొట్టెలు తెస్తారు. ఒట్టు ఒట్టుగానే ఉండిపోతుంది. అల్లాల్ కిటికీ బయటికి చూస్తూ అరచెయ్యి రుద్దుకున్నాడు. కాలిన బొబ్బ ఎప్పుడో మానింది.

మెక్నెస్ చేరాక ఇంటికి పోలేదు. యామ్నా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆమె కదురు తిప్పుతోంది. లోపలికి రమ్మనలేదు.

"లల్లా యామ్నా, నువ్వు చూసింది నిజం."

"నాకు తెలుసు. చూసింది నేనేగా."

"నాకు జబ్బుంది. తలలో..."

"నీ తలలో ఏముంటే నాకేం? నువ్వు ఒట్టేసింది నా గుమ్మంలో కాదు." ఊలు తెగింది. ఆమె మళ్లీ ముడివేసుకుంది.

మర్నాడు ఉదయం వరస తయారైంది. అల్లాల్ తెడ్డు గోడకు ఆనించాడు. ఈసారి రొట్టె మీద చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాలలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఆ రోజు యామ్నా రొట్టె మీద ఉమ్మాను. మూర్ఛ అంట. నాకు తెలీలేదు. తెలీని దాని మీద ఒట్టేశాను. అబద్ధం ఆమెది కాదు, నాది."

బట్టీలో కట్టె చిటపటమంది. ఊలు కళ్లలో పడిందన్న ఆవిడ ముందుకొచ్చింది.

"మరి మా రొట్టెల మీదో?"

"తెలీదు."

"తెలీదంటే?"

"ఉమ్మానో లేదో నాకే తెలీదమ్మా."

ఆవిడ తన చెక్క ఎత్తుకుని వెళ్లిపోయింది. వెనకే ఇంకొకావిడ. వరస చెదిరింది. మిగిలిన కొద్దిమంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అల్లాల్ నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. చెవులు మండుతున్నాయి.

సందు మొదట్లో యామ్నా కనిపించింది. తల మీద చెక్క. వచ్చి అతని ముందు దించింది. ఎదురుగా రాతి మెట్టు మీద కూర్చుని, సంచిలోంచి కదురు తీసింది.

"కాల్చు. నా పని ఇక్కడే చేసుకుంటాను. నీ నోటిని ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి కదా."

అల్లాల్ ఆమెతో ఏదో అందామని నోరు తెరిచాడు.

యామ్నా చటుక్కున వంగి రొట్టెల మీద గుడ్డ కప్పేసింది.

అతను నోరు మూసుకుని తెడ్డు అందుకున్నాడు.