ఆర్మీ ఫారంలో ఆంటీ నంబరు

ఆర్మీలో చేరాలన్న ఆలోచన నాకు పాపకూర అనే ఊళ్లో, నేను పనిచేసే డెయిరీలో, కర్రీ పఫ్‌ల్లాంటి పైలు వేడిగా ఉంచే అద్దాల పెట్టె పక్కన పుట్టింది. డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, ఇక్కడ వీధి మూల కొట్టుని అలా అంటారు. స్కూల్లో నా పక్కన కూర్చున్న ఒక మావోరీ అమ్మాయి ఆ రోజు ఆర్మీ యూనిఫాంలో కొట్టుకి వచ్చింది, తనతో ఇంకో ముగ్గురు. ఒక్క చిప్స్ ప్యాకెట్ చింపి నలుగురూ చేతులు పెట్టి తింటున్నారు. "నువ్వూ వచ్చెయ్. ముప్పై మందిమి ఒకే బల్ల దగ్గర తింటాం. నీలాంటి వాగుడుకాయ ఒకతి తక్కువైంది మాకు" అని నవ్వి వెళ్లిపోయింది. వాళ్ల కారు కనబడకుండా పోయాక కూడా నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

అప్పటికి మా అమ్మానాన్న ఆస్ట్రేలియా వెళ్లిపోయి రెండేళ్లు. నేనే రానన్నాను. ఇంటర్‌తో చదువు ఆపేశాను, ఇక్కడ పని ఉంది కదా అనుకున్నాను, పైగా పంతం. పక్కనున్న టకానినిలో ఒక ఫ్లాట్‌లో గది తీసుకున్నాను. మిగతా రెండు గదుల్లో ఇద్దరు నర్సులు. నేను లేచేసరికి వాళ్లు డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటారు, నేను వచ్చేసరికి బయల్దేరిపోతారు. ఫ్రిజ్‌లో డబ్బాలు చూసి ఇవాళ వాళ్లేం వండుకున్నారో తెలుసుకునేదాన్ని. నేనేమో మాట్లాడకుండా ఉండలేని మనిషిని. చివరికి కుక్కర్ విజిల్ వేస్తే "ఆ, వస్తున్నా" అనేదాకా వచ్చింది.

ఆన్‌లైన్‌లో ఫారం నింపాను. రోజూ పొద్దున కొత్తగా కట్టిన ఇళ్ల మధ్య, రైలు పట్టాల పక్కన పరుగెత్తడం మొదలుపెట్టాను. అమ్మకి ఫోన్‌లో చెప్తే అన్నిటికన్నా ముందు "జుట్టు కత్తిరిస్తరా?" అని అడిగింది.

"లేదమ్మా, ముడేసుకోవచ్చంట."

"సరే గని, నాయినకు ఇప్పుడే చెప్పకు."

ఫారంలో ఒకచోట మన గురించి చెప్పగలిగే మనిషి నంబరు రాయాలి. చుట్టమై ఉండకూడదు. గంటసేపు ఆలోచించినా నాకెవరూ తట్టలేదు. చివరికి మా డెయిరీ ఓనరు ఆంటీ నంబరు రాశాను. ఆవిడదీ మా కరీంనగరే. ఆవిడతో మాత్రం చెప్పలేదు. చెప్తే అప్పుడే నా స్థానంలో ఇంకొకరిని వెతుక్కుంటుందేమోనని భయం.

ఒక మధ్యాహ్నం నేను వెనక చల్లగదిలో పాల సీసాలు సర్దుతుంటే, కౌంటర్ దగ్గర ఆంటీ ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతోంది.

"వెరీ గుడ్ గర్ల్ సర్. షాప్ టు హోమ్, హోమ్ టు షాప్. నో ఔటింగ్. నో నో, నో ఫ్రెండ్స్ సర్, నోబడీ. ట్వంటీ పీపుల్ ఇన్ హౌస్, నో ప్రాబ్లం, షీ విల్ అడ్జస్ట్."

ఫోన్ పెట్టేసి లోపలికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"బిడ్డా, నీకు సంబంధం వచ్చింది. పిలగాడు ఆర్మీల ఉన్నడంట."

"ఫోన్ల ఎవరు ఆంటీ?"

"వాళ్ల పెద్దాయన అనుకుంట, గొంతు గట్టిగుంది. నలుగురిల కలుస్తదా అని అడిగిండు. పెద్ద కుటుంబమేమో. చెప్పిన మాట వింటదా అంటే, రెండేండ్లల్ల ఒక్క మాట ఎదురు చెప్పలే అన్న. తెల్లోడే గని, అన్నీ మనోళ్ల లెక్కనే అడిగిండు."

నాకు నవ్వొచ్చింది. సీసా పట్టుకుని నవ్వుతూనే ఉన్నాను. ఆవిడ అది సిగ్గు అనుకుని నా బుగ్గ గిల్లి వెళ్లిపోయింది. నేనొక్కదాన్నే మిగిలాక ఆ 'నోబడీ' గుర్తొచ్చింది. సంబంధం చూసేవాళ్లకి అది గొప్పే. ఆవిడ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

తర్వాతి వారం ఇంటర్వ్యూ. ఫోన్ చేసిన ఆఫీసరే, నడివయసు మనిషి, ఎదురుగా కూర్చున్నాడు. "మీ ఓనరు నిన్ను చాలా మెచ్చుకుంది. నీకు ఫ్రెండ్స్ ఎవరూ లేరని కూడా చెప్పింది" అన్నాడు. పెళ్లి సంబంధమనుకుని అలా చెప్పిందని వివరించాను. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత, ఆర్మీలో ఎందుకు చేరాలనుకుంటున్నావని అడిగాడు. నేను ఆ బల్ల గురించి మొదలుపెట్టాను. ముప్పై మంది కలిసి తినడం, ఒకరి ప్లేట్లోది ఒకరు లాక్కోవడం, ఒకరికి జ్వరమొస్తే పక్క మంచంవాళ్లకి తెలియడం, అన్నీ గడగడా చెప్పాను. ఆయన ఆపలేదు. నేను ఆపాక అడిగాడు.

"అవసరమొస్తే మనిషి మీద తుపాకీ పేల్చగలవా?"

అన్ని రోజులు ఆర్మీ గురించి ఆలోచించాను కదా, అందులో తుపాకీ ఒక్కసారి కూడా రాలేదు. నా తలలో ఉన్నదంతా అన్నాలూ మాటలూ. తెలియదన్నాను. "తెలియదనడం తప్పు కాదు. ఆలోచించి శుక్రవారం ఫోన్ చెయ్" అన్నాడు.

రైల్లో వస్తూ మనసులోనే ఆ బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టుకున్నాను, చేతికి తుపాకీ ఇచ్చి చూసుకున్నాను. స్టేషన్లు అయిపోతున్నాయి గానీ, తుపాకీ ఉన్న నేను ఎలా ఉంటానో ఎంతకీ కనబడలేదు.

మర్నాడు ఆంటీకి మొత్తం చెప్పేశాను. ఆవిడ స్టూల్ మీద కూలబడింది.

"అయ్యో, నేను ఖరాబ్ చేసిన్నా? మల్ల ఫోన్ చేస్త. దోస్తులు మస్తుగున్నరని చెప్త."

"పేర్లు అడిగితే?"

ఆవిడ నన్ను చూసింది. ఇంతలో ఎవరో పాలకి వస్తే ఇచ్చి పంపింది.

"నా పేరు చెప్త" అంది, నావైపు తిరక్కుండా.

ఆ మాటతో నా ఒంటరితనం తీరిపోయిందనుకుంటారేమో. ఆరింటికి షట్టర్ దించి ఆవిడ కారెక్కింది, నేను స్టేషన్‌కి నడిచాను, రోజూలాగే. కాకపోతే ఆ రాత్రి ఆవిడ డబ్బాలో పెట్టిచ్చిన పప్పు తిన్నాను, నిలబడి.

శుక్రవారం కొట్టు వెనక ఖాళీ క్రేటు మీద కూర్చుని ఫోన్ చేశాను. "తుపాకీ నావల్ల కాదు సర్. మిగతావన్నీ అయ్యేవి" అన్నాను.

"నిజం చెప్పినందుకు థాంక్స్" అన్నాడాయన, మర్యాదగా.

ఇంకేమైనా అడుగుతాడేమోనని ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను. అడిగితే చాలా చెప్పేదాన్ని. ఆయన పెట్టేశాడు.