నీటిరంగులో పూసిన మంచు

నేను డ్రాయింగ్ మాస్టరును. ఈ ఉదయం బడికి వెళ్తూ పలమనేరు బస్సులో ఒక పుస్తకం తిరగేస్తున్నాను. ఆర్కిటిక్ మంచులో తిరిగిన ఒక ప్రకృతి పరిశోధకుడు వేసిన నీటిరంగుల బొమ్మలవి. ఒకదానిలో తెల్ల పక్షి వెనక ఆకాశమంతా ఈకల్లాంటి మరకలు. రంగు ఇలా పాడుచేయకూడదని పిల్లలకు చూపిద్దామని ఆ పేజీ మడిచాను.

పక్కసీటులోని ఆమె తొంగిచూసింది. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, కోల్డ్ రూములో పని చేస్తుందట.

"పాడు కాలేదు సార్. మా కోల్డ్ రూములో గోడకు తడి తగిలితే ఇట్లే మంచు పూలు పూస్తాయి. రంగు ఆరకముందే గడ్డ కట్టినట్టుండాది. ఆ సలిలో ఆయప్ప కుంచె ఎట్ల పట్టుకున్నాడో!"

ఇరవై ఏళ్లుగా బొమ్మలు నేర్పుతున్న నాకు ఆ సంగతి తట్టనే లేదు. సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది.

"కాగితం ఇయ్యండి సార్, రంగు పూసి లోపల పెట్టి సూస్తా" అంది. కాగితాలతో పాటు నా రంగుల డబ్బా, కుంచె కూడా ఇచ్చేశాను. క్యారియర్ సంచిలో వేసుకుని బంగారుపాళ్యంలో దిగిపోయింది.

క్లాసులో ఆమె చెప్పిన పాఠమే చెప్పాను. ఇంట్లో మా ఆవిడ మాత్రం "పేరన్నా అడిగినారా?" అని నవ్వుతోంది. అడగలేదు. రేపూ అదే బస్సు ఎక్కుతాను. మీరైతే డబ్బా ఇచ్చేవారా?