అడగని సెలవు

ఏప్రిల్ వచ్చేసరికి గ్రోంగ్ ఊళ్లో ఓడ్నీ వంటింట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు. నేలంతా అట్టపెట్టెలు, ఒక్కో పెట్టె మీద ఒక్కో ఊరి పేరు. నార్వే దక్షిణపు కొస నుంచి ఉత్తరపు కొస దాకా మొగుడూ పెళ్లాం కలిసి ఐదు నెలలు నడవాలి. దారిలో ఏ ఊళ్లో దిగితే ఆ ఊరి అంగట్లో వాళ్ల తిండి పెట్టె సిద్ధంగా ఉండాలి.

ఓడ్నీ తెల్లవారగానే బడి బస్సు తోలి వచ్చేది. ఓవెన్ తలుపు పూర్తిగా మూసుకోకుండా చెక్క గరిటె అడ్డం పెట్టి దుప్పిమాంసం కైమా ఎండబెట్టేది. వీపు సంచి సర్దేది, విప్పేది, మళ్లీ సర్దేది. యాభై ఆరేళ్ల మనిషి, అన్నం కూడా నిలబడే తినేది. భర్త యోస్టైన్ రంపపు మిల్లులో పనివాడు. పిలిస్తే వచ్చి త్రాసు ముందు కూచునేవాడు, అంతే.

"ఈ కాఫీ కెటిల్ ఏడువందల గ్రాములుంది. మోస్తావా?" అడిగింది ఓడ్నీ.

"మోస్తా. నీ వీపేం కాదుగా."

"సెలవు ఏ తేదీ నుంచి ఇచ్చారు? రైలు టికెట్లు తీసుకోవాలి."

"చెప్తాలే."

ఈ "చెప్తాలే"కి రెండు నెలలు నిండాయి.

ఒక శనివారం అంగట్లో మిల్లు సూపర్‌వైజరు ఆర్న్‌హిల్డ్ కనిపించింది. "వేసవి షిఫ్టులన్నిట్లో మీ ఆయన పేరు వేసేశా ఓడ్నీ. సెలవు కావాలా అంటే అక్కర్లేదన్నాడు."

ఓడ్నీ ఇంటికెళ్లింది. పద్దెనిమిది కిలోల సంచి భుజాన వేసుకుని కొండ ఎక్కేసింది. మంచూ వానా కలిసి మొహాన కొడుతున్నా ఆగలేదు. పైన మూడు గోడల చెక్క పాక దగ్గర వెనక్కి చూస్తే, యోస్టైన్ తన సంచితో రొప్పుతూ వస్తున్నాడు.

"ఫిబ్రవరిలోనే అడుగుతానన్నావు," అందామె.

"అన్నాను." అతను సంచి దించాడు. "ఐదు నెలలు, ఓడ్నీ. ఒక్క డేరాలో మనిద్దరం. ఇంట్లో అయితే నేను గరాజ్‌లోకి పోతా, నువ్వు బస్సెక్కుతావు. అక్కడ ఎక్కడికి పోను? మాటలన్నీ అయిపోయి, నన్ను చూస్తేనే నీకు విసుగు పుడితే?"

"నీకు మోకాలు నొప్పేమో, అందుకే అడగలేదేమో అనుకున్నా."

"మోకాలికేం, గుండ్రాయిలా ఉంది."

ఆమె పాక చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఆ భయం ఆమెకూ ఉంది, అందుకే ఇన్నాళ్లూ చేతులు ఊరికే ఉంచలేదు.

"నన్నూ వెళ్లొద్దంటావా?"

"అనను."

"మరి ఎన్నాళ్లు ఓర్చుకోగలవు?"

దుంగ కొలిచేవాడిలా అతను నిదానంగా ఆలోచించాడు. "మూడు వారాలు."

"అయితే మూడు వారాలే అడుగు. సోమవారమే. 'చెప్తాలే' అన్నావంటే నేనే బస్సు మిల్లు ముందు ఆపి అడుగుతా."

సోమవారం అడిగాడు. మే చివర దక్షిణపు కొసన లైట్‌హౌసు దగ్గర ఇద్దరూ బయల్దేరారు. పంతొమ్మిది రోజుల్లో రెండుసార్లు పోట్లాడుకున్నారు, రెండుసార్లూ డేరా మేకుల గురించే. సెలవు అయిపోవడంతో హౌకెలి కొండరోడ్డు మీద అతను ఇంటికి బస్సెక్కాడు. ఆమె సంచి ఎత్తుకుని, బస్సు మలుపు తిరిగేదాకా కూడా ఆగకుండా నడిచింది. ఆగితే వెనక్కి వెళ్లిపోతానేమోనని భయం.

పెట్టెలన్నీ అతను వేళకి పంపాడు. సిగ్నల్ దొరికినప్పుడు ఫోన్ చేసి, "అందిందా?" అనేవాడు. "అందింది," అనేది. ఆ మీదట గంటసేపు మాటలు తెగేవి కావు.

అక్టోబరు చివర ఓడ్నీ ఒక్కతే ఉత్తరపు కొస చేరింది. ఇంటికొచ్చాక పది రోజులు, డేరా అలవాటుకి మంచం మీద నిద్ర పట్టక, కిటికీ తెరిచి నేల మీదే పడుకుంది.