చిలకపచ్చ తలుపు

నమంగాన్ ఊరి టాక్సీ స్టాండులో కార్లన్నీ తెల్లవే. కారు నిండేదాకా ఖాళీగా కూర్చోలేక ముసలమ్మలు సీట్లో సంచి పెట్టి రొట్టెలు కొనడానికి పోతారు. తిరిగొచ్చి వేరే కారెక్కి, "నా సంచేదిరా దొంగా?" అని మా డ్రైవర్ల మీద పడతారు.

ముహయ్యో అక్క అదే స్టాండులో కారు నడుపుతుంది. ఒకరోజు పుచ్చకాయల లారీ ఆమె కారు తలుపును నుజ్జునుజ్జు చేసి, ఆగకుండా పోయింది.

"కొత్త తలుపు వేయించక్కా" అన్నాను.

"నువ్వు కొనిపెడతావా?"

"పోనీ, సాపు చేయించి రంగు కొట్టించు."

సోబిర్ అనే డ్రైవరు మధ్యలో దూరాడు. "రంగేసిన కారు రేపు ఎవడు కొంటాడు?"

"అమ్మేదెవరురా? నేను నడుపుకునేదాన్ని!" అని అక్క పాత కార్లు విప్పి అమ్మే తుర్గున్ దగ్గరికి వెళ్లింది. ఆమె కారుకు సరిపడే తలుపుల్లో అన్నిటికంటే చవకది చిలకపచ్చది. ఆ రంగు ఎవరికీ అక్కర్లేదట. అద్దం దించి, ఎత్తి, గడియ వేసి చూసి, అక్క దాన్నే బిగించుకుంది.

"అతుకుల బొంత వచ్చిందిరోయ్!" అని సోబిర్ పడీ పడీ నవ్వాడు.

ముసలమ్మలు మాత్రం నవ్వలేదు. రొట్టెలు పట్టుకుని నేరుగా ఆ పచ్చ తలుపు దగ్గరికే నడిచొచ్చారు. సంచి ఎక్కడ పెట్టారో అక్కడే ఉంది. ఇక మిగతా కార్ల వంక చూస్తే ఒట్టు. అక్క కారు నిండి వెళ్లిపోయేది, మేం ఈగలు తోలుకునేవాళ్లం.

చివరికి సోబిర్ చడీచప్పుడు లేకుండా తుర్గున్ దగ్గరికి పోయాడు. "ఎర్ర తలుపేమైనా ఉందా?"

"ఆలస్యంగా వచ్చావు తమ్ముడూ" అన్నాడు తుర్గున్. "ఇప్పుడు మిగిలినవన్నీ తెల్లవే."