బోర్లించిన గ్లాసుల లెక్క

చోడవరం నుంచి గోవాడ వెళ్లే రోడ్డు పక్కన చెరకు కోత కూలీల వీధి ఉంది. చెరకు సాగు తగ్గి, కోత పని నాలుగు నెలలకు కూడా చాలకపోవడంతో ఆ వీధిలో ఇళ్లకు తాళాలు పడసాగాయి. జనం దూరపు ఇటుక బట్టీలకు పోతున్నారు. దీన్ని ఆపేందుకు ఏదైనా చేయాలని కొద్దిమంది విశ్రాంత ఉద్యోగులం సంఘంగా ఏర్పడ్డాం. నేను కార్యదర్శిని.

గణాంకాల పనిలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. తేదీ లేని మాటను, అంకె లేని అభిప్రాయాన్ని సాక్ష్యంగా తీసుకునే అలవాటు నాకు లేదు. అందుకే ప్రణాళికకు ముందు ఇంటింటికీ తిరిగాను. బ్యాంకు మేనేజరుగా పదవీ విరమణ చేసిన మా అధ్యక్షుడు కుట్టు మిషన్లు పంచుదామన్నాడు. ఇళ్లలో నేను విన్నది వేరు. ఊరి చివర జీడిపిక్కల షెడ్డులో ఆడవాళ్లకు ఏడాది పొడవునా పని ఉంది. జీడి రసం తగిలితే చర్మం ఊడివస్తుంది కనుక పసిపిల్లలను లోపలికి రానివ్వరు. ఒక యువతి చంకలో కూతురిని ఎత్తుకుని గుమ్మంలోనే నాతో మాట్లాడింది. ఆమె భర్త అప్పటికే బట్టీకి వెళ్లిపోయాడు.

"ఈ గుంటని సూసుకునే మనిసుంటే షెడ్డులో సేరతాను బాబూ. లేదంటే దసరా ఎల్లగానే నేనూ బట్టీకే."

పిల్లలను చూసుకునే గది పెడదామని నేనన్నాను, సంఘంలో వాదన సాగింది. చివరికి దసరా దాకా పిల్లల గది నడిపి చూడాలని, చివరి వారం రోజుకు సగటున ఇరవై మంది పిల్లలు రాకపోతే ఆ గదిలోనే కుట్టు మిషన్లు పెట్టాలని తీర్మానించాం. ఆ ఇరవై నేను సూచించినదే. చర్చి వెనక ఖాళీగా ఉన్న గదిని చర్చి పెద్దలు ఇచ్చారు. కోత ముఠా పొలంలో ఉన్నన్నాళ్లూ గట్టు మీద అందరి పిల్లలనూ కాసిన ఒక వృద్ధురాలిని ఆయాగా పెట్టాం. వీధంతా ఆమెను పెద్దమ్మ అంటారు.

మొదటి వారం గది నిండింది. ఆ యువతి షెడ్డులో చేరింది. నేను రోజూ ఉదయం వెళ్లి, వేలు చూపిస్తూ పిల్లలను పైకి లెక్కపెట్టి, ఆ సంఖ్యను గుమ్మం పక్క నల్లబల్ల మీద సుద్దతో రాసేవాణ్ణి. రెండో వారం నుంచి సంఖ్య తగ్గింది. కారణం వాన అనుకున్నాను, ఎండ కాసిన రోజుల్లోనూ తగ్గింది. సంత అనుకున్నాను, సంత లేని రోజుల్లోనూ తగ్గింది. నా అంకెలు తగ్గుదలను చూపాయే తప్ప కారణం చెప్పలేదు. ఒకరోజు ఆ యువతి కూతురూ రాలేదు. అడిగితే పెద్దమ్మ చీపురు పక్కన పెట్టింది.

"సంతలో మేకల్ని లెక్కెట్టినట్టు ఏలు సూపించి లెక్కెడితే ఏ తల్లి పంపుతాది బాబూ? పైగా గోడ మీద రాస్తన్నారు, దారినపోయే ప్రతోడి కళ్లూ పడేలాగ. ఆ గుంటకి జ్వరమొచ్చింది. దాని నానమ్మ మరింక పంపనంతంది."

దిష్టికి ఆధారం లేదని నేను వాదించలేదు. వాదించి గెలిచినా పిల్ల రాదు. చర్చికి వెళ్లే ఇళ్లవాళ్లు దిష్టి అన్న మాటే ఎత్తలేదు, కానీ వాళ్ల పిల్లలూ రావడం మానేశారు. అయితే లెక్క లేకుండా గది నిలవదని పెద్దమ్మతో చెప్పాను.

"లెక్క మానేయమన్నానేటి? పిల్లల మీద ఏలెట్టొద్దన్నాను," అంది.

రోజూ పదకొండింటికి ఆమె ప్రతి పిల్లకూ చోడి అంబలి, అంటే రాగి జావ, పోస్తుంది. తాగాక స్టీలు గ్లాసులు తోమి గది బయట గట్టు మీద బోర్లిస్తుంది. వాటినే లెక్కపెడితే సరిపోతుందని నాకు తోచింది. కానీ ఒకే పిల్ల రెండు గ్లాసులు వాడే అవకాశం ఉంది కదా అని అడిగాను.

"మళ్లీ కావాలంటే అందులోనే పోస్తాను. ఇంకో గ్లాసు తోముకోడానికి నాకేటి, వేరే పని లేదా?"

నల్లబల్ల తీయించాను. తనిఖీ వేళను పదకొండున్నరకు మార్చాను. పెద్దమ్మ ఇంటింటికీ వెళ్లి ఈ సంగతి చెప్పింది. పిల్లలు ఒకేసారి తిరిగి రాలేదు, కొందరు అసలే రాలేదు. జ్వరం తగ్గిన పిల్లను మాత్రం ఆ నానమ్మే స్వయంగా తీసుకొచ్చి, నేను వెళ్లిపోయేదాకా గుమ్మంలో కాపలా కూర్చుంది.

గడువు ముగిసే రోజున సగటు ఇరవైకి కాస్త అటో ఇటో తేలేలా ఉంది. అధ్యక్షుడు స్వయంగా వచ్చాడు. గదిలోకి చూసి వేలెత్తబోతే అతని చెయ్యి పట్టుకుని గట్టు దగ్గరికి తీసుకెళ్లాను. ఒకటి అని మొదలుపెట్టాడు. ధాన్యం కొలిచేటప్పుడు తొలి కొలతను ఎలా అంటారో అలాగే అనమని పెద్దమ్మ పట్టుబట్టింది. జీవితమంతా నోట్లు లెక్కపెట్టిన మనిషి "లాభం, రెండు, మూడు" అంటూ చివరిదాకా లెక్కించాడు. సగటు ఇరవై దాటింది, స్వల్పంగానే. మిషన్ల సంగతి వచ్చే ఏడాది చూద్దామని అతను సంతకం చేశాడు.

సాయంత్రం షెడ్డు నుంచి వస్తూ ఆ యువతి కూతురిని ఎత్తుకుంది. బట్టీ మాట ఆమె ఎత్తలేదు.

"సోమారం నుంచి షెడ్డు ఏడింటికేనంట బాబూ. మా వరసలో ఇంకో ఇద్దరు సేరతన్నారు, ఆళ్లకీ పిల్లలున్నారు. గది ఆరున్నరకే తియ్యాల," అంది.

ఎంతమంది పిల్లలని అడగబోయి ఆగాను. ఎన్ని గ్లాసులు కొనాలో చెప్పమన్నాను.